తాటిచెట్టు ఎక్కనన్న పిల్లవాడు

మనిషి పెద్దవడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ఈ ఒక్క ముక్క ఊళ్లకు చెప్పడానికే నా ఉద్యోగంలో సగం కాలం పోయింది. మిగతా సగం బస్సుల కోసం నిలబడడంలో పోయింది.

1956 జూన్‌లో నేను హెల్త్ విజిటర్‌గా చేరాను. రెండేళ్లు కొల్లాపూర్ వైపు, తర్వాత చాలాకాలం భువనగిరికి దగ్గరలో ఒక పల్లె దవాఖానలో. అందరూ నన్ను నర్సమ్మ అనేవాళ్లు. నర్సు వేరు, హెల్త్ విజిటర్ వేరు అని మొదటి ఏడాది అందరికీ వివరించాను, రెండో ఏడాది మానేశాను. ఏ ప్రమోషన్ ఏ తేదీన వచ్చిందో నాకు గుర్తుంది గానీ, అది ఎవరికీ పనికిరాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు పనికొచ్చేది వేరే ఉంది.

కాన్పులూ టీకాలూ మీకు ట్రైనింగులో నేర్పుతారు. పన్నెండేళ్లకూ పదహారేళ్లకూ మధ్య ఉన్న పిల్లల గురించి ఎవరూ నేర్పరు. వాళ్లు దవాఖానకు రారు. పసిపిల్లలను తల్లులు తెస్తారు, కడుపుతో ఉన్నవాళ్లను అత్తలు తెస్తారు, ముసలివాళ్లు తమంతట తామే వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. ఈ వయసు పిల్లలు మాత్రం గోడ పక్కనుంచి తొంగిచూసి పోతారు. కాబట్టి మీరే వాళ్ల దగ్గరికి పోవాలి.

వయసు లెక్క

పోగానే మొదట వచ్చే ఇబ్బంది, వాళ్ల వయసు ఎవరికీ తెలియకపోవడం.

"పిల్లకు ఎన్నేండ్లమ్మా?"

"పెద్దవాన వడ్డ యేడు పుట్టింది."

"ఏ పెద్దవాన?"

"గదే నర్సమ్మ, మా బర్రె కొట్టుకపోయింది సూడు."

ఆ బర్రె ఏ సంవత్సరం కొట్టుకుపోయిందో నేనెక్కడ వెతకను? అందుకని నా సొంత పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. నలభై ఎనిమిది పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా? అప్పటికి నడుస్తోందా, సంకలో ఉందా? మొదటి ఓట్ల నాటికి పళ్లు ఊడాయా? ఇలా నాలుగు ప్రశ్నలు అడిగితే ఆరు నెలలు అటూ ఇటుగా వయసు తేలేది.

ఇంకో పని కూడా చేశాను. దవాఖాన తలుపు చెక్క మీద అంగుళాల గీతలు గీయించి, బడిపిల్లలను ఏటా జూన్‌లో ఆ చెక్కకు ఆనించి నిలబెట్టేదాన్ని. దానివల్ల ఒకటి స్పష్టంగా కనిపించేది. పదకొండు, పన్నెండేళ్లకు ఆడపిల్లలు ఉన్నట్టుండి సాగుతారు. అదే వయసు మగపిల్లలు వాళ్ల భుజాల దగ్గరే ఉంటారు. రెండేళ్లు ఆగితే మగపిల్లల వంతు వస్తుంది, అప్పుడు వాళ్ల లాగులు నెలనెలా పొట్టివవుతాయి. ఎత్తొక్కటే కాదు, మిగతా మార్పులు కూడా ఇలాగే ముందూ వెనకగా వస్తాయి. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంది. దాని సమయం రాగానే అది ఆడపిల్లలో అండాశయాలకూ, మగపిల్లవాడిలో వృషణాలకూ కబురు పంపుతుంది. అవి హార్మోన్లు తయారుచేయడం మొదలుపెడతాయి. ఎముక సాగడం, గొంతు మారడం, మొటిమలు, చంకల్లో వెంట్రుకలు, కోపాలు, అన్నీ ఆ కబురు ఫలితమే.

ఆడపిల్ల మొదటిసారి బహిష్టయిన రోజునే ఊరు 'పెద్దమనిషయింది' అంటుంది. నిజానికి ఆ పిల్ల శరీరం అప్పటికి రెండేళ్ల నుంచి ఆ పని మీదే ఉంటుంది. ఆ రోజు తెలిసేది ఊరికి మాత్రమే.

అప్పుడు చాప పరుస్తారు, నువ్వుల ముద్ద తినిపిస్తారు, వాడంతా వచ్చి పాటలు పాడతారు. ఎందుకు అయిందో, వచ్చే నెల మళ్లీ అవుతుందో లేదో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఒక పిల్ల నన్ను, "ఇంకోపారి గూడ చీరలు వెడతరా?" అని అడిగింది. ప్రతి నెలా పండుగ చేస్తారనుకుంది పాపం. అయినా ఆడపిల్లకు కనీసం ఒక చాప ఉంది. మగపిల్లవాడికి అది కూడా లేదు. అతని ఒంట్లో ఏం జరిగినా అతనూ, అతని అంగీ మాత్రమే ఎరుగుదురు.

ఇదంతా నాకు యాదగిరి వల్ల అర్థమైంది.

భయానికి సూది

1961 చలికాలంలో, కల్లు కోసం తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసే పని మొదలయ్యాక, గౌండ్ల లచ్చమ్మ కొడుకును చెయ్యి పట్టి లాక్కొచ్చింది. పిల్లవాడి పేరు యాదగిరి. పోలీస్ యాక్షన్ నాటికి సంకలో ఉన్నాడు, అంటే ఇప్పుడు పద్నాలుగు. ఆ జూన్‌లో నా చెక్క మీద మూడున్నర అంగుళాలు పెరిగాడు. మెడ చుట్టూ తువ్వాల కప్పుకుని రెండు కొనలూ ఛాతీ మీద గట్టిగా పట్టుకున్నాడు.

"వీనికి భయానికి మందియ్యి నర్సమ్మ. సూదైన సరే," అంది లచ్చమ్మ.

"దేనికి భయం?"

"చెట్టెక్కుతలేడు. ఎనిమిదేండ్లప్పుడే ఉడుత లెక్క ఎగవాకిండు. గిప్పుడు నడిమిదాకా వోయి దిగొస్తుండు. ఆళ్ల నాయిన సిగ్గుతోని సస్తుండు. తాత చెట్లు, నాయిన చెట్లు, గీయకుంటె ఎవ్వనికో పోతయి."

"ఏందిరా యాదగిరి?" అన్నాను, వరండాలో ఉన్న పదిమందీ వింటుండగా. ఇలా ఎప్పుడూ అడగకండి. పిల్లవాడు తువ్వాల బిగించుకుని వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాడు.

మరునాడు సాయంత్రం నేను మోటబావి దగ్గరికి వెళ్లాను. అతని ఈడు పిల్లలంతా పైనుంచి దూకుతున్నారు. యాదగిరి అంగీ విప్పకుండా గట్టు మీద కూర్చున్నాడు. నేను అతనికి రెండు బారల దూరంలో, అతని మొహం చూడకుండా, బావి వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ వయసు పిల్లలతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చోకూడదు, పక్కన కూర్చోవాలి.

"భయమా, నొప్పా?" అన్నాను.

బావి వైపే చూస్తూ, "నొప్పి," అన్నాడు.

"యాడ?"

అంగీని ఒంటికి ఆనకుండా ముందుకు లాక్కున్నాడు. తాళ్లు గీసేవాళ్లు మోకు అనే లావు తాడును నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకుంటారు. ఆ మోకును పైకి జరిపిన ప్రతిసారీ ఒక్క క్షణం చెట్టును ఛాతీకి అదుముకోవాలి. తాటిమాను ఎంత గరుకో తెలుసు కదా. నాకు అప్పుడు తట్టింది.

"చెట్టు తాకితె రొమ్ముల సూది గుచ్చినట్టైతదా?"

పిల్లవాడు తల తిప్పి నన్ను చూశాడు. "నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఆడిదాన్నైతున్ననా నర్సమ్మ? గడ్డలొచ్చినయి. మా అమ్మ సూసింది, మా నాయినకు చెప్పింది. మాఘంల ఎల్లమ్మ పండుగకు నన్ను ఇడుస్తరట. చీరె గట్టి శివసత్తిని జేస్తరట."

పదిమందిలో గడ్డల మాట లచ్చమ్మ దాచిందన్నమాట. ఎల్లమ్మ పేర చీర కట్టి, గవ్వల దండ వేసుకుని బతికే మగవాళ్లు మా వైపు ఉన్నారు. వాళ్లను శివసత్తులంటారు. మనసారా ఆ బతుకులోకి పోయినవాళ్లను నేను చూశాను, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ పిల్లవాడికి కావాల్సింది మోకు. పండుగకు రెండు నెలలు కూడా లేవు.

డాక్టర్ సాబ్ పాఠం

మా డాక్టర్ సాబ్ హైదరాబాద్ వాడు. తెలివైనవాడు. కాకపోతే రోగికి చెప్పాల్సింది గోడకు చెప్పేవాడు, అదీ ఇంగ్లీషులో. ఆయన యాదగిరిని లోపలికి తీసుకుపోయి, తలుపు వేసి, మగ కాంపౌండరును పక్కన ఉంచుకుని పరీక్ష చేశాడు. బయటికి వచ్చి నవ్వాడు.

"అరె, బీమారీ గాదమ్మా, ఉమర్. వయసు. అంతే."

నేను వదలలేదు. పూర్తిగా చెప్పమన్నాను. అప్పుడు చెప్పాడు. ఆడ హార్మోను ఆడవాళ్లలోనే, మగ హార్మోను మగవాళ్లలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. ప్రతి ఒంట్లోనూ రెండూ ఉంటాయి. మగపిల్లవాడు ఎదిగేటప్పుడు కొన్నాళ్లు త్రాసు కుదురుగా ఉండదు. ఆ కొన్నాళ్లలో చనుమొన కింద గుండీ అంత గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. ఒకవైపు ముందు, ఒకవైపు తర్వాత రావచ్చు. ఏడాదిలోనో రెండేళ్లలోనో దానంతటదే కరిగిపోతుంది. మందు అక్కరలేదు. చాలామంది పిల్లలకు వస్తుంది.

"చాలామందికి వస్తే నేనింతవరకు ఎందుకు వినలేదు సాబ్?"

"ఎవడు చెప్తడమ్మా? నేను చెప్పిన్నా?" అని ఆయన గబుక్కున నాలుక కరుచుకుని, స్టెతస్కోప్ మెడలో వేసుకుని లోపలికి పోయాడు.

కొత్తవాళ్ల కోసం ఒక హెచ్చరిక. ఒకేవైపు పెరుగుతూనే పోయినా, చెమ్మ కారినా, మిగతా ఎదుగుదల లేకుండా ఇదొక్కటే కనబడినా, పెద్ద దవాఖానకు పంపాలి. యాదగిరికి అవేమీ లేవు. గొంతు కూడా అప్పుడే బొంగురుపోవడం మొదలైంది.

పాత ధోవతి పేలిక

ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. యాదగిరి తండ్రి బుచ్చయ్య అరుగు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. లచ్చమ్మ నాకు పీట వేసింది. పిల్లవాడు దర్వాజా వెనక ఉన్నాడు. నేను త్రాసు పోలికతో సహా అంతా చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా చాలా బాగా చెప్పాననే అనుకుంటాను.

బుచ్చయ్య తల ఎత్తలేదు. "గది హార్మోనో ఏందో నాకు తెల్వదు గని," అని కత్తి తిప్పి రెండోవైపు నూరుతూ, భార్యతో అన్నాడు. "తువ్వాల గట్టుకోవద్దని చెప్పు పోరనికి. గరుకుంటది, ఇంక నొస్తది. పాత ధోవతి పేలిక సుట్టుకోవాలె. మెత్తగుంటది. చెమటకు జారకుండ ఎన్క ముడేసుకోవాలె."

లచ్చమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"నీకెట్ల ఎరుక?" అంది.

కత్తి నూరుడు ఆగింది.

"నిన్నే అడుగుతున్న. పేలిక సంగతి నీకెట్ల ఎరుక?"

దర్వాజా వెనక నుంచి యాదగిరి తల బయటికి వచ్చింది. బుచ్చయ్య మొహం ఆవంలో కాలిన కుండలా ఎర్రబడింది. ఆ తర్వాత ఆయన చెప్పిందంతా నేల చూస్తూ చెప్పాడు.

"నాగ్గూడ అయినయి. గిదే ఈడుల. మా నాయినకు చెప్పలే. పేలిక సుట్టుకోని ఏడాది చెట్లెక్కిన. ఒకనాడు ఎల్లమ్మకు మొక్కుకున్న. తల్లీ, గివి పోతె నా పెద్దకొడుకును నీకిస్త అని. పోయినయి."

"మరి?"

"మరేముంది నర్సమ్మ? వీడు పుట్టిన్నాడే యాదికొచ్చింది. నోరు దెర్వలే. గిప్పుడు తల్లి అడుగుతుంది. నా ఒంటిమీదికెల్లి తీసిన గుర్తులు తెచ్చి వాని ఒంటిమీద వెట్టింది. ఇంకేం ఆనవాలు గావాలె?"

లచ్చమ్మ పీట పక్కనే కూలబడింది. బుచ్చయ్యకు శరీరం గురించి తెలియదనుకుని నేను త్రాసులూ గ్రంథులూ మోసుకొచ్చాను. ఆ నొప్పి గురించి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయన్ని పీడిస్తున్నది మొక్కు.

"నువ్వు ఏమీ ఇవ్వకముందే పోయినయి కద బుచ్చయ్యా. వాటంతటవే పోయేవే అవి," అన్నాను.

"మొక్కు మొక్కే నర్సమ్మ," అన్నాడు.

ఈ సంగతి చెప్పగానే డాక్టర్ సాబ్ కుర్చీలోంచి లేచాడు. పట్వారీకి రాస్తానన్నాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. పోలీసులు వస్తే ఆ యేడు పండుగ ఆగుతుంది, పై యేడు పోలీసులు ఉండరు. అదే చెప్పాను. "మరి నీ ప్లానేంది?" అన్నాడు. ఎల్లమ్మ సంగతి ఎల్లమ్మ మనిషినే అడుగుతానన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మంచి బాసు అంటే ఎలా ఉండాలో కూడా చెబుతాను. అలా చూసి కూడా, "పో, సెలవు పెట్టకు, డ్యూటీ అని రాస్తా," అన్నాడు.

లింగవ్వ

లింగవ్వ పుట్టినప్పుడు లింగయ్య. ఇప్పుడు అరవై దాటిన శివసత్తి. పసుపు పూసిన మొహం, రూపాయంత బొట్టు, మెడలో గవ్వల దండ, బుగ్గలో పాన్. కొత్తగా ఎవరిని ఎల్లమ్మకు ఇచ్చినా దండ వేసేది లింగవ్వే. నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తింది.

"ఏం నర్సమ్మ, నాకు గూడ కాన్పు సూది ఇస్తవా?"

విషయం చెప్పాను. లింగవ్వ నవ్వు ఆగిపోయింది. పాన్ ఉమ్మి వచ్చి కూర్చుంది.

"గడ్డల సంగతి నాకు చెప్పలే. ఎల్లమ్మ తల్లి పోరని ఒంటిమీదికి వచ్చిందన్నడు బుచ్చిగాడు," అంది. "నన్ను ఎవ్వరు ఇయ్యలే నర్సమ్మ. నేనే ఉరికిన. మా నాయిన గుంజకు కట్టేసిండు, తెంపుకోని పోయిన. రమ్మంటె ఉరుకుడు వేరు, గుంజుకపోవుడు వేరు. నడువు."

పొద్దు గూకకముందే బుచ్చయ్య ఇంటికి చేరాం. లింగవ్వ అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని యాదగిరిని పిలిచింది.

"ఒరే యాదగా. చీరె గట్టుకుంటవా?"

"కట్టుకోను."

"గవ్వల దండ?"

"వద్దు."

"మరేం గావాలెరా నీకు?"

పిల్లవాడు గోడకు వేలాడుతున్న మోకు వైపు చూశాడు. "చెట్టుమీదికెల్లి భోన్‌గిరి గుట్ట కనవడతది," అన్నాడు.

లింగవ్వ నా వైపు కనుబొమలెగరేసి, బుచ్చయ్య మీదికి తిరిగింది.

"మొక్కిన్నాడు నీకు ఎన్నేండ్లుర?"

"గీని అంతుంటి."

"పెండ్లాం ఉండెనా?"

"లేదు."

"కొడుకుండెనా?"

"లేడు."

"మరి లేని కొడుకును ఎట్ల ఇస్తనంటివిర? పక్కోని మేకను నువ్వు మొక్కుతవా? ఎల్లమ్మ ఏమన్న తిక్కదా, లేనిదానికి ఒప్పుకునెటందుకు?" బుచ్చయ్య నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. మొక్కు మొక్కే అంటవు, ఎరుకే. నొప్పి నీది, మొక్కు నీది. తీర్చుడు గూడ నీదే. పండుగనాడు చీరె నువ్వు గట్టు. బోనం నువ్వెత్తు. నేనే దండేస్త, పొద్దుగూకంగ తీస్త. తల్లికి నేను చెప్పుకుంట."

"నేనా? చీరెనా? ఊరంత సూస్తది గద లింగవ్వ!"

"పోరడు కడితె సూడదా?"

బుచ్చయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. లచ్చమ్మ అప్పటికే ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచిన చప్పుడైంది. "నా పెండ్లి చీరె వొద్దు, చిరుగుతది. ఆకుపచ్చది ఇస్త," అని లోపలి నుంచే అంది.

మాఘంలో ఎల్లమ్మ పండుగ రోజు, ఆకుపచ్చ చీర గోచీ మీద కట్టి, గుబురు మీసాల బుచ్చయ్య గౌడ్ బోనమెత్తుకుని నడిచాడు. డప్పులవాళ్లు ముందు, లింగవ్వ వెనక. ఎవరైనా నవ్వబోతే లింగవ్వ అటు చూసేది, నవ్వు అక్కడే చచ్చేది. ఎందుకు కట్టుకున్నావని అడిగినవాళ్లందరికీ బుచ్చయ్య దాచకుండా చెప్పాడు. చీర కట్టి బోనమెత్తాక ఇంక దాచడానికి ఏం మిగిలిందనుకున్నాడేమో. పొద్దుగూకగానే లింగవ్వ దండ తీసింది. చీర మడిచి లచ్చమ్మకు ఇచ్చేశాడు. మర్నాడు తెల్లారే సరికి తండ్రీ కొడుకులిద్దరూ తాటివనంలో ఉన్నారు. యాదగిరి అంగీ కింద మెత్తటి ధోవతి పేలిక ఉంది, వెనక ముడితో.

ఆ తర్వాత నాకు ఒక తమాషా అనుభవం మొదలైంది. గౌండ్ల వాడలో నేను నడిచిపోతుంటే, ఎవరో ఒక తల్లి పక్కకు పిలిచి, "మావోనికి గూడ గట్లనే ఉన్నట్టుంది, జర చెప్పు నర్సమ్మ," అనేది. రెండు మాటల్లో చెప్పి వచ్చేదాన్ని. మార్పు మందుతో రాలేదు, ఒక మగవాడు నోరు తెరవడంతో వచ్చింది. మీరు ఎంత చదివినా, ఊళ్లో ఒక్కరైనా "నాగ్గూడ" అనేదాకా మీ చదువు వాళ్లకు చుట్టపుచూపే.

1963 చలికాలంలో ఒక ఉదయం టీకాల పెట్టె పట్టుకుని తాటివనం గట్టు మీదుగా పోతున్నాను. చుట్టూ ఏడెనిమిది చెట్ల మీద మనుషులు గీస్తున్నారు. ఒక చెట్టు కొసన కల్లు లొట్టి కడుతున్న యాదగిరి నన్ను చూశాడు. గొంతు పూర్తిగా మగగొంతు అయింది, వనమంతా మోగింది.

"నర్సమ్మా! ఎడమది గూడ పోయింది!"

చెట్టు కింద నిలబడ్డ బుచ్చయ్య తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. నేను పెట్టెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. ఇంతలో అవతలి చెట్టు మీది నుంచి, నాకు పేరు కూడా తెలియని ఒక నడివయసు మనిషి కేకేశాడు.

"నీది నయం రా! నాకు మూడేండ్లు వట్టింది!"